ఫ్రెంచ్ 'కండిసియొనెల్ పాసే' నేర్పే పట్టికల పుస్తకాలు, కంజుగేటర్ సైట్లు, యాప్‌లు: ఏది దేనికి పనికొస్తుంది?

'వచ్చి ఉండేవాణ్ణి', 'చెప్పి ఉండాల్సింది' లాంటి మాటలకు ఫ్రెంచ్‌లో వాడే కాలం కండిసియొనెల్ పాసే. దీన్ని నేర్పుతామని వచ్చే సరుకు ప్రధానంగా మూడు రకాలు. ఒకటి అచ్చు క్రియాపట్టికల పుస్తకం. రెండోది క్రియ టైపు చేస్తే రూపాలన్నీ పరిచే కంజుగేటర్ సైటు. మూడోది రోజూ కొన్ని ప్రశ్నలు వేసే అభ్యాసాల యాప్. మూడింటిదీ ఒకే జబ్బు: తేలికైన భాగాన్ని విస్తారంగా చూపించి, కష్టమైన భాగాన్ని దాటేస్తాయి.

తేలికైన భాగం ఇదీ. సహాయక్రియ ఆవ్వార్ (కలిగి ఉండు) గానీ ఎత్ర్ (ఉండు) గానీ కండిసియొనెల్ ప్రెజాఁలో, అంటే వర్తమాన రూపంలో పెట్టి, అసలు క్రియ పార్తిసిప్ పాసేను ('వచ్చి', 'చెప్పి' లాంటి రూపాన్ని) తగిలించాలి. (అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకాలి.) ఆవ్వార్‌తో: జొరే, త్యు ఒరే, ఇల్ ఒరే, ను జొరియొఁ, వు జొరియే, ఇల్ జొరే. ఎత్ర్‌తో: జె సెరే, త్యు సెరే, ఇల్ సెరే, ను సెరియొఁ, వు సెరియే, ఇల్ సెరే. పన్నెండు గళ్లు, పది వర్ణక్రమాలు. చెవికి వినపడేవి మాత్రం ఆరే. అందులో ఒకటి 'ఒరే' కాబట్టి తెలుగువాళ్లు దాన్ని మరచిపోయే ప్రమాదం లేదు.

మరి పట్టికల పుస్తకం ప్రతి నమూనా క్రియకూ ఈ ఆరు వరుసలనూ మళ్లీ మళ్లీ ఎందుకు అచ్చేస్తుంది? పేజీ నమూనా అలా ఉంటుంది గనక. మీకు కావలసింది మొదటి వరుస ఒక్కటే, అందులోనూ చివరి మాట. మిగతాది కాగితం.

అసలు పని నాలుగు నిర్ణయాల్లో ఉంది: ఏ సహాయక్రియ, ఏ పురుష, పార్తిసిప్ ఏమిటి, దానికి స్త్రీలింగ బహువచన ప్రత్యయాలు చేరాలా వద్దా. మంచి అభ్యాస పరికరం మీ జవాబు తప్పినప్పుడు ఈ నాలుగింట్లో ఏది తప్పిందో చెప్పాలి. చాలా యాప్‌లు మొత్తం వాక్యాన్ని ఎర్రగా చేసి, కింద సరైన జవాబు పడేసి ఊరుకుంటాయి. పార్తిసిప్ సరిగ్గా రాసి, సహాయక్రియ దగ్గర పొరబడిన మనిషికి అది ఏమీ నేర్పదు.

కొనేముందు కొన్ని క్రియలు వెతికి చూస్తే సరుకు నాణ్యత తేలిపోతుంది. మొదట దెవ్వార్ (చేయాల్సి ఉండు). దీని పార్తిసిప్ ద్యు, 'యు' అక్షరం మీద టోపీ గుర్తు తప్పనిసరి. 1990 నాటి వర్ణక్రమ సవరణలు చాలా చోట్ల ఆ టోపీ తీసేసినా, ఇక్కడ ఉంచాయి, అది లేకపోతే మరో మాటతో కలిసిపోతుంది గనక. కానీ స్త్రీలింగంలోనూ బహువచనంలోనూ టోపీ ఉండదు. టోపీ లేకుండా టైపు చేసినా యాప్ పచ్చరంగు చూపిస్తే, అది మీకు తప్పు అలవాటు చేస్తోందన్నమాట. తర్వాత మురీర్ (చనిపోవు): 'జె సెరే మోర్' అనాలి. 'జొరే మురూ' అనే కల్పిత రూపం నేర్చుకునేవాళ్ల నోట తరచూ వస్తుంది, ఒకే జవాబులో రెండు తప్పులు. ఫల్వార్‌కు (అవసరమవు) 'ఇల్ ఒరే ఫల్యు' ఒక్కటే ఉండాలి. ఆరు పురుషలూ నింపేసిన సైటుని వెంటనే మూసేయండి. సాఁనాలే (వెళ్లిపోవు) వెతికితే 'జె మాఁ సెరే ఆలే' అని రావాలి, చిన్న మాటలన్నీ సహాయక్రియకు ముందే. కొన్ని సైట్లు ఈ క్రియను గుర్తించవు, ఉత్త ఆలే (వెళ్లు) చూపించి చేతులు దులుపుకుంటాయి.

మొంతే దగ్గర కాస్త ఆగాలి, సరుకు బండారం ఎక్కువగా బయటపడేది ఇక్కడే. 'జె సెరే మొంతే' అంటే ఎక్కి ఉండేవాణ్ణి. 'జొరే మొంతే లా వాలీజ్' అంటే పెట్టె పైకి ఎక్కించి ఉండేవాణ్ణి. దెసాఁద్ర్‌కూ అంతే, దిగడానికి ఎత్ర్, దించడానికి ఆవ్వార్. సోర్తీర్ (బయటికి వెళ్లు), రాఁత్రే (లోపలికి వచ్చు), పాసే (దాటు), రెతుర్నే (తిరిగి వెళ్లు) కూడా ఈ బాపతే. ఎక్కు–ఎక్కించు, దిగు–దించు తేడా తెలుగులో పుట్టుకతో వచ్చింది గనక మనకిది సులువు. కాకపోతే ఆ కిటుకు ఒకచోట కాటేస్తుంది: మెట్లు ఎక్కితే తెలుగులో 'ఎక్కించు' కాదు, ఫ్రెంచ్‌లో మాత్రం 'జొరే మొంతే లెస్కాలియే', ఆవ్వారే. వెనక కర్మ నేరుగా వస్తే ఆవ్వార్ అని గుర్తుపెట్టుకోవడం మేలు. ఒక్క సహాయక్రియే చూపించే పట్టిక ఈ ఆరు క్రియల విషయంలో సగం నిజమే చెబుతున్నట్టు. అచ్చు పుస్తకాల్లో ఈ సమాచారం ఉంటే వెనక అకారాది సూచికలో చిన్న గుర్తుగా ఉంటుంది, పట్టికలో కాదు. సూచిక మొదట్లో గుర్తుల వివరణ చదవకుండా పుస్తకాన్ని తిట్టకండి.

ప్రత్యయాల సంగతి వినికిడి అభ్యాసాల్లో దాదాపు తేలదు. 'ఎల్ సె సెరే లావే' (స్నానం చేసి ఉండేది), 'ఎల్ సె సెరే లావే లె మేఁ' (చేతులు కడుక్కుని ఉండేది): మొదటిదానికి స్త్రీలింగ ప్రత్యయం ఉంది, రెండోదానికి లేదు, ఎందుకంటే కర్మ క్రియ వెనక వచ్చింది. పలికితే 'లావే' రెండూ ఒకటే. తేడా చెవికి తెలిసేది రాతలో హల్లుతో ముగిసే పార్తిసిప్‌లలో: ఎక్రి–ఎక్రిత్, ప్రి–ప్రీజ్, మి–మీజ్, మోర్–మోర్త్. 'లె లెత్ర్ కె జొరే ఎక్రిత్' (నేను రాసి ఉండే ఉత్తరాలు) లాంటి వాక్యం ఒక్కటైనా లేని ఆడియో పాఠం ఈ విషయంలో దండగ. రాత అభ్యాసమే కావాలి.

ఇక 'సి' (తెలుగులో '-తే' లాంటి షరతు మాట) వాక్యాలు. ఇక్కడ తెలుగు మనల్ని పక్కదారి పట్టిస్తుంది. మనం 'తెలిస్తే వచ్చేవాణ్ణి' అని ఇవాళ్టి మాటకీ నిన్నటి మాటకీ వాడేస్తాం. ఫ్రెంచ్ ఒప్పుకోదు. ముందు దాన్ని 'తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి' అని సాగదీసుకోండి, అప్పుడు 'సి జావే స్యు, జె సెరే వెన్యు' దానంతటదే వస్తుంది. రెండు సగాల్లోనూ 'ఉండు' ఉంది, ఫ్రెంచ్‌లోనూ రెండు సగాల్లో సహాయక్రియ ఉంది, వరుస తిరగబడిందంతే. 'సి' పక్కన ప్లు-కె-పార్ఫే (గతానికి ముందటి గతం), రెండో సగంలో కండిసియొనెల్ పాసే. 'సి జొరే స్యు' అనేది ఫ్రెంచివాళ్లే చేసే తప్పు. దాన్ని మాన్పించడానికి బడిలో 'లె సీ నెమ్ పా లె రే' అని చెబుతారు, సీలకు రేలంటే (కండిసియొనెల్ చివర వినపడే 'రే') గిట్టదని.

యాప్‌లు ఈ సామెత దగ్గరే పాఠం ముగిస్తాయి. అదే నాకు అభ్యంతరం. 'జె మె దెమాఁదే సిల్ ఒరే ఆక్సెప్తే', ఒప్పుకుని ఉండేవాడా అని ఆలోచించాను. ఇక్కడ 'సి' షరతు కాదు, ప్రశ్న, కాబట్టి రే నిక్షేపంగా ఉండొచ్చు. 'ఓ కా ఊ' (ఒకవేళ) తర్వాతైతే ఇదే కావాలి: 'ఓ కా ఊ ఇల్ ఒరే ఉబ్లియే', ఒకవేళ మరచిపోయి ఉంటే. ఈ రెండు వాక్యాలనూ వ్యాకరణ దిద్దుబాటు సాధనంలో టైపు చేసి చూడండి. 'సి' తర్వాత 'రే' కనపడగానే గీత గీసేస్తే, దాని మాట ఈ విషయంలో నమ్మక్కర్లేదు.

షరతే లేని వాడుకలకు కూడా చాలా సరుకుల్లో చోటు లేదు. పత్రికా ఫ్రెంచ్ చదివేవాళ్లకు అన్నిటికంటే ముందు కావలసింది అదే. 'లె మినిస్త్ర్ ఒరే దెమిస్యొనే' అంటే మంత్రి రాజీనామా చేసి ఉండేవారని కాదు, రాజీనామా చేశారట. మన 'అట' చేసే పనే అక్కడ ఈ కాలం చేస్తుంది: వార్త మాది, పూచీ మాది కాదు. మరొకటి, గతంలో చెప్పిన భవిష్యత్తు: 'ఇల్ ఆ ది కిల్ వ్యేఁద్రే కాఁతిల్ ఒరే ఫినీ', పని అయ్యాక వస్తానన్నాడు. ఈ రెండూ లేని పుస్తకం రూపాలు చూసుకోవడానికి పనికొస్తుంది, చదువుకోవడానికి కాదు. విచారం, నిష్ఠూరం పలికే 'జొరే ద్యు', 'త్యు ఒరే ప్యు', 'జొరే వుల్యు' మాత్రం దాదాపు అన్నిట్లో ఉంటాయి, బాగానే ఉంటాయి.

పుస్తకంలో ఈ కాలం దొరకలేదని బెంగపడేముందు ఇండికేటిఫ్ (మామూలుగా జరిగేదాన్ని చెప్పే క్రియారూపాల విభాగం) శీర్షిక కింద కూడా చూడండి. పాత పద్ధతిలో కండిసియొనెల్ విడి మోడ్ (క్రియారూపాల విభాగం), ఇప్పటి వ్యాకరణాలు దాన్ని ఇండికేటిఫ్‌లో చేరుస్తున్నాయి. 'దోజియెమ్ ఫోర్మ్' అని రెండో వరుస కనిపిస్తే వదిలేయండి. అది సుబ్జొంక్తిఫ్ (కోరిక, సందేహం చెప్పే మోడ్) ప్లు-కె-పార్ఫే రూపమే, పాత నవలల్లో గుర్తుపట్టగలిగితే చాలు.

మైకులో మాట్లాడించి మార్కులు వేసే సదుపాయానికి అదనంగా డబ్బు అడిగితే మాత్రం ఇవ్వకండి. 'జొరే ఫినీ' (ముగించి ఉండేవాణ్ణి), ఫ్యూచర్ ఆంతెర్యోర్‌లోని 'ముగించి ఉంటాను' రూపం, రెంటికీ తేడా సహాయక్రియ చివర రాసే 'ఎస్' ఒక్కటే. చాలామంది ఫ్రెంచివాళ్లు రెంటినీ ఒకేలా పలుకుతారు. ఆ మైకు ఏం విని దిద్దుతుంది? ఆ డబ్బుతో గళ్లు లేని నోటుపుస్తకం కొని, ఎడమవైపు 'ఉండేవాణ్ణి' వాక్యం తెలుగులో, కుడివైపు ఫ్రెంచ్‌లో రాసి, నాలుగు నిర్ణయాల్లో తప్పినదాని కింద గీత గీసుకోండి. రూపం మీద అనుమానం వస్తే ఉచిత కంజుగేటర్, ఎత్ర్–ఆవ్వార్ అనుమానానికి సూచిక మంచిగా ఉన్న అచ్చు పుస్తకం. యాప్ అంటారా, తప్పిన చోటు చూపించేది దొరికితేనే.