ఆ చౌక టమాటా డబ్బాల ట్రే కొనేముందు వెనక లేబుల్ చదవండి

యూకేలో ఉన్న మనవాళ్ళందరికీ చెప్తున్నాను. మనమంతా ట్రేలకి ట్రేలు తెచ్చుకునే ఆ చౌక సూపర్ మార్కెట్ సొంత బ్రాండు టమాటా ముక్కలు, అదే 400 గ్రాముల డబ్బా, ఇప్పుడు పాత డబ్బా కాదు. పైన బొమ్మ అదే, రంగు అదే, షాపులో పెట్టే అర కూడా అదే. లోపల సరుకు మార్చేశారు. షాపు పేరు ఇక్కడ రాయను, తెలియాల్సినవాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది. మీ ఇంట్లో ఆ ట్రే ఉంటే ముందు దాన్ని బయటికి తీసి చూసుకోండి.

ఆదివారం మా పాప మొదటి పుట్టినరోజు. హాలు తీసుకున్నాం, నలభై మందికి భోజనాలు. అత్తయ్య ఊరి నుంచి వచ్చి ఉన్నారు, వంట ఇంట్లోనే చేద్దామన్నారు, నాకూ అదే ఇష్టం. టమాటా పప్పు, టమాటా పచ్చడి, చారు, వంకాయ కూర అనుకున్నాం. ఈ చలికాలంలో ఇక్కడ దొరికే తాజా టమాటాలు పులుపూ ఉండవు, తీపీ ఉండవు. అవైనా స్పెయిన్ నుంచో మొరాకో నుంచో రావాలి. 2023 ఫిబ్రవరిలో అక్కడ వాతావరణం పాడైతే ఇక్కడి సూపర్ మార్కెట్లలో మనిషికి ఇన్నే టమాటాలని పరిమితి పెట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటి నుంచి మా ఇంట్లో చలికాలమంతా డబ్బా టమాటాలే. అందులో తప్పేం లేదు, వేసవిలో ఇటలీ పొలాల్లో పండినప్పుడే కోసి డబ్బాలకెక్కించిన టమాటా ఇక్కడి జనవరి టమాటా కంటే రుచిగానే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ చౌక డబ్బా కూడా బాగానే ఉండేది. నేను నమ్మింది దాన్నే.

ఆదివారం పొద్దున పప్పు కుక్కర్లో పెట్టాను. కందిపప్పు, డబ్బా టమాటాలు, పచ్చిమిర్చి, పసుపు, ఎప్పుడూ పెట్టినట్టే. విజిల్స్ వచ్చాయి, ఆవిరి పోయాక మూత తీశాను. పప్పు పలుకు పలుకుగా నిలబడి ఉంది. మళ్ళీ మూతపెట్టి మళ్ళీ విజిల్స్ రానిచ్చాను. గింజ పైన మెత్తబడినట్టు కనిపిస్తోంది, వేళ్ళ మధ్య నొక్కితే లోపల గట్టిగా తగులుతోంది. టమాటా ముక్కలైతే అంతసేపు కుక్కర్లో ఉడికి కూడా చదరాలు చదరాలుగానే ఉన్నాయి, ఒక్కటి కరగలేదు. పప్పుగుత్తితో ఎనిపితే పక్కకి జారిపోతున్నాయి. అత్తయ్య చిటికెడు వంట సోడా వేయించారు. దాంతో కొంత మెత్తబడింది గానీ రంగు పోయింది, రుచి పోయింది, సోడా వాసన నిలిచిపోయింది.

పచ్చడి ఇంకా అన్యాయం. ఎంతసేపు మగ్గించినా నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి, నూనె పైకి తేలలేదు. చారు నోట్లో పెట్టుకుంటే టమాటా పులుపు లేదు, నిమ్మ ఉప్పు వేసినట్టు నాలుక మీద జివ్వుమంటోంది.

అప్పుడు ఒక డబ్బాని జల్లెడలో ఒంపి చూశాను. పల్చటి గులాబీ రంగు నీళ్ళు కిందికి దిగిపోయాయి. పైన మిగిలిన ముక్కలు డబ్బాలో సగం కూడా లేవు. వాటిలో చాలావాటికి తొడిమ దగ్గరి పచ్చటి గట్టి భాగం అలాగే ఉంది. కొన్నిటికి తొక్క కూడా వదల్లేదు. నేను మదనపల్లె దగ్గర పుట్టి పెరిగినదాన్ని. పండు ఏదో, దోర ఏదో, కాయ ఏదో చీకట్లో పట్టుకున్నా చెప్తాను. ఆ డబ్బాలో ఉన్నవి దోరకాయలు. యార్డులో మా నాన్న పక్కకి తీసి పడేసేవి. మరో డబ్బా తెరిస్తే లోపలి గోడకి ఉండే తెల్లటి పూత ఒకచోట ఊడిపోయి, అక్కడ రేకు నల్లగా మచ్చకట్టి ఉంది. దాన్ని వంటలో వేయలేదు.

అప్పుడు వెనక లేబుల్ పాత డబ్బాతో పక్కపక్కన పెట్టి చూశాను. అలమర మూల పాతది ఒకటి మిగిలి ఉండటం మంచిదైంది. పాతదాని మీద టమాటాలు, టమాటా రసం, సిట్రిక్ యాసిడ్, అంతే. కొత్తదాని మీద టమాటాల శాతం తగ్గింది, రసం పెరిగింది, చివర్లో కొత్తగా కాల్షియం క్లోరైడ్ వచ్చి చేరింది. కొన్ని లేబుళ్ళ మీద దీన్ని ఈ509 అని కూడా రాస్తారు. ముక్కలు చితికిపోకుండా గట్టిగా ఉండటానికి వేస్తారు. చట్టప్రకారం వేయొచ్చు, ఒంటికి హాని కూడా లేదు. కానీ మన వంటకి అది శత్రువు. పప్పు గింజలో కణాల్ని అతికించి ఉంచేది పెక్టిన్. అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. పులుపు తగిలితే పెక్టిన్ త్వరగా కరగదు, మన పెద్దవాళ్ళు పప్పు ఉడికాకే చింతపండు పులుసు పోయమనేది అందుకే. దానికి కాల్షియం కూడా తోడైతే పెక్టిన్ ఇంకా బిగుసుకుంటుంది. పైగా మా స్లౌ వైపు, లండన్ చుట్టుపక్కలంతా, కుళాయి నీళ్ళలోనే కాల్షియం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా సున్నం కట్టేది దానివల్లే. నీళ్ళలో కాల్షియం, డబ్బాలో కాల్షియం, పైన సిట్రిక్ యాసిడ్. ఇంక పప్పు ఎలా ఉడుకుతుంది?

భోజనాల సంగతి రాయలేను. వచ్చినవాళ్ళు మంచివాళ్ళు, ఒక్కమాట అనలేదు. పప్పు గిన్నె మాత్రం నిండుగా ఇంటికి తిరిగొచ్చింది. అత్తయ్య రాత్రి దాకా నాతో సరిగా మాట్లాడలేదు. నా మీద కోపం కాదు, మనవరాలి మొదటి పుట్టినరోజున అందరికీ తన చేత్తో వడ్డించాలని ఆమె ఎన్ని నెలల నుంచి అనుకున్నారో నాకు తెలుసు.

ఇదంతా నేను మింగేసుకునేదాన్నే. సోమవారం షాపులో జరిగింది మాత్రం మింగలేను. ఇది రాస్తున్నది అందుకే.

ట్రేలో మిగిలిన డబ్బాలు, నల్లమచ్చ ఉన్న ఖాళీ డబ్బా, బిల్లు పట్టుకుని వెళ్ళాను. అత్తయ్య కూడా వచ్చారు, పాప స్ట్రోలర్‌లో ఉంది. కస్టమర్ సర్వీస్ కౌంటర్ దగ్గర అమ్మాయి బాగానే మాట్లాడింది, లోపలికెళ్ళి మేనేజర్ని పిలుచుకొచ్చింది. నేను మర్యాదగా మొదటి నుంచి చెప్పాను. లోపల సరుకు మారింది, ముక్కలు పచ్చివి, ఈ డబ్బాలో పూత ఊడిపోయింది, చూడండి అన్నాను. ఆయన డబ్బాని చేతిలోకి తీసుకోలేదు. లోపలికి తొంగి కూడా చూడలేదు. బిల్లు మీద ధర దగ్గర వేలుపెట్టి, "ఈ డబ్బుకి మీరు ఇంకేం ఆశిస్తున్నారు?" అన్నాడు.

ధర గురించి కాదండీ, లోపలున్న దాని గురించి అడుగుతున్నాను అన్నాను. "వెనక రాసే ఉంది కదా, చదవడం వచ్చా మీకు?" అన్నాడు. నా వెనక లైన్లో జనం ఉన్నారు. నేను ఏదో అనబోయేలోపే, "మీవాళ్ళు ఎప్పుడూ ఇవే ట్రేలకి ట్రేలు తోసుకెళ్తారు, వండుకోవడం అయ్యాక తీసుకొచ్చి డబ్బులు వెనక్కి అడుగుతారు" అన్నాడు. గొంతు తగ్గించలేదు. అందరూ వినాలనే అన్నాడు.

మీవాళ్ళు. ఆ మాట దగ్గరే నా ఒళ్ళు మండింది. ఆ షాపులో మేము ఇన్నేళ్ళుగా వారం వారం సరుకులు కొంటున్నాం. ఒక్క వస్తువు వెనక్కి తీసుకెళ్ళింది లేదు. పాలు విరిగినా పారబోసుకున్నాం గానీ కౌంటర్ దాకా వెళ్ళలేదు. డబ్బాకి అరపౌను కూడా పెట్టక్కర్లేకపోవడమే ఆయన దృష్టిలో మా తప్పు. చౌక డబ్బా కొనేవాళ్ళకి నోరు ఉండకూడదన్నమాట ఆయన లెక్కలో. ఇక్కడ చదువుకోడానికి వచ్చిన పిల్లలు, ఒక్క జీతంతో ఇల్లు నెట్టుకొచ్చేవాళ్ళు, ఆ డబ్బాల మీదే వారమంతా కూరలు వండుకుంటున్నారు. వాళ్ళకి కూడా ఇదే మాట చెప్తాడా?

అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. కానీ ఆయన చెయ్యి ఊపిన తీరు, గొంతు, లైన్లోవాళ్ళ చూపులు ఆమెకి అర్థమైపోయాయి. "పద తల్లీ, ఆ డబ్బులు మనకొద్దు" అని స్ట్రోలర్ తిప్పేశారు. ఆ పెద్దావిడ చేత ఆ మాట అనిపించాడు చూడండి, దానికి నేను ఆయన్ని క్షమించలేను.

నేను కదల్లేదు. చివరికి ఆ ఒక్క డబ్బాకి డబ్బులు ఇస్తానన్నాడు. మిగతావి ప్లాస్టిక్ చుట్టు విప్పేశారు కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు. విప్పకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి చట్టం చదివాను. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం సరుకు సరైన నాణ్యతతో ఉండాలి, దాని గురించి చెప్పిన వర్ణనకి సరిపోవాలి. నాణ్యత తూచేటప్పుడు ధర కూడా చూస్తారు, ఆ మాట చట్టంలోనే ఉంది, నేను దాచను. కాబట్టి చౌక డబ్బాలో రసం ఎక్కువ ఉంటే కోర్టుకెక్కమని ఎవరికీ చెప్పడం లేదు. కానీ లోపలి పూత ఊడి రేకు నల్లబడిన డబ్బాకి ధర ఏం సాకు అవుతుంది? లోపం ఉన్న వస్తువుని 30 రోజుల్లోపు వెనక్కిచ్చి మొత్తం డబ్బు అడిగే హక్కు ఉంది. త్వరగా పాడయ్యే వాటికి గడువు తక్కువ, డబ్బాలకి ఆ ఇబ్బంది లేదు. బిల్లు పోయినా బ్యాంకు స్టేట్‌మెంట్ కొన్నట్టు రుజువుగా చాలు. చట్టప్రకారం జవాబు చెప్పాల్సింది అమ్మిన షాపే, తయారీదారు దగ్గరికి పొమ్మంటే వినకండి.

అలా వద్దు ఇలా చెయ్యండి అని పెద్ద పాఠం చెప్పే ఓపిక ఇప్పుడు నాకు లేదు, ముఖ్యమైనవి మాత్రం రాస్తాను. ముక్కల డబ్బా బదులు తొక్క తీసిన నిండు టమాటాల డబ్బా కొనండి, ధరలో పెద్ద తేడా ఉండదు. నిండు టమాటాకి మంచి పండు కావాలి, చితికినవీ నాసివీ దాచడానికి ముక్కల్లో చోటెక్కువ. చాలా నిండు టమాటాల డబ్బాల మీద నీరు వంపేశాక ఎంత బరువుంటుందో కూడా రాస్తారు, 400 గ్రాముల డబ్బాకి 240 గ్రాములని కనిపిస్తుంది. పదార్థాల పట్టీలో బరువెక్కువున్నది ముందు రాయాలనేది ఇక్కడి నియమం, కాబట్టి మొదటి పేరు, దాని శాతం చూస్తే సరిపోతుంది. కాల్షియం క్లోరైడ్ ఉంటే పప్పుకీ పచ్చడికీ వద్దు. ఏ డబ్బా అయినా పప్పు విడిగా మెత్తగా ఉడికించి, టమాటా నూనెలో తాలింపుతో పాటు మగ్గించి తర్వాత కలపండి. మిగిలిన టమాటాని డబ్బాలోనే ఫ్రిజ్‌లో పెట్టొద్దు, గిన్నెలోకి తీయండి, తెరిచిన డబ్బా నుంచి లోహం తిండిలోకి దిగొచ్చు. ఉబ్బిన డబ్బా, అతుకు దగ్గర సొట్టపడిన డబ్బా కనిపిస్తే రుచి చూడటం కూడా వద్దు.

నేను షాపు హెడ్డాఫీసుకి ఫొటోలతో రాశాను, మేనేజర్ అన్న మాటలు ఉన్నదున్నట్టు పెట్టాను. ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్ వినియోగదారుల విభాగానికి కూడా చెప్పాను, వాళ్ళు దాన్ని ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి, అంటే అమ్మకాల్లో మోసాలు చూసే కౌన్సిల్ విభాగానికి పంపిస్తారు. పూత ఊడిన డబ్బా గురించి ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైటులో ఫిర్యాదు పెడితే అది మన కౌన్సిల్‌కి చేరుతుంది, ఆ పని కూడా అయ్యింది. ఆ డబ్బా కడగకుండా ఒక సంచిలో కట్టి పెట్టాను.

మీ ఇంట్లో అదే ట్రే ఉండి, లోపల పూత ఊడినట్టు కనిపిస్తే పారేయకండి. డబ్బా మూత మీదో అడుగునో ముద్రించిన బ్యాచ్ నంబరుకి, గడువు తేదీకి ఫొటో తీసి మీరు కూడా ఫిర్యాదు పెట్టండి. ఒకే బ్యాచ్ మీద నలుగురు చెప్తే కౌన్సిల్‌వాళ్ళు ఆ బ్యాచ్ గురించి అడగక తప్పదు.