ఎల్‌ఎం2940 కొంటే కండెన్సర్ కూడా చూసి తెచ్చుకోండి

6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీతో నడిచే బోర్డుకు 7805 (నిలకడగా 5 వోల్టులిచ్చే రెగ్యులేటర్ ఐసీ) పనికిరాదు. దానికి ఇన్‌పుట్‌లో కనీసం 7 వోల్టులు కావాలి. అక్కడ అదే పని చేసే ఎల్‌ఎం2940 చక్కగా సరిపోతుంది. 1 ఆంపియర్ లాగినా అర వోల్టు, 100 మిల్లీఆంపియర్ల దగ్గరైతే 0.11 వోల్టు మాత్రమే మింగుతుంది. బ్యాటరీ తిరగేసి తగిలించినా ఐసీ కాలదు (ఇన్‌పుట్‌లో ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ ఉంటే మాత్రం అది తట్టుకోదు). కాళ్లు కూడా అచ్చం 7805వే: ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. ఈ పోలికే కొంప ముంచుతుంది.

7805 అవుట్‌పుట్‌లో 104 డిస్క్ (0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కండెన్సర్) ఒక్కటి ఉన్నా నడుస్తుంది, ఆ ఐసీ లోపలి ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ ఎమిటర్ నుంచి కరెంటు ఇస్తుంది కాబట్టి. ఎల్‌ఎం2940లో కరెంటు పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచి వస్తుంది. ఇక్కడ అవుట్‌పుట్ కండెన్సర్ ఫీడ్‌బ్యాక్ లూప్‌లోనే, అంటే అవుట్‌పుట్‌ను చూసి సరిదిద్దే వలయంలోనే, ఒక భాగం. కనీసం 22 మైక్రోఫారడ్లు ఉండాలి, దాని ఈఎస్‌ఆర్, అంటే కండెన్సర్ లోపలి నిరోధం, 0.1 నుంచి 1 ఓమ్ మధ్య ఉండాలి. తక్కువైతే దిద్దుబాటు ఆలస్యంగా అంది అవుట్‌పుట్ ఊగుతుంది. ఎక్కువైనా ఊగుతుంది.

7805 తీసి, ఆ 104నే ఉంచి ఇది వేస్తే మల్టీమీటర్ 5 వోల్టులే చూపించవచ్చు. అది చూపేది సగటు. ఈలోగా మైక్రోకంట్రోలర్ ఉన్నట్టుండి రీసెట్ అవుతుంది, రిలే టకటకలాడుతుంది. ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ కూర్చోకుండా ముందు అవుట్‌పుట్ కండెన్సర్ చూడండి.

ఏది కొనాలి? అంగట్లో 22 మైక్రోఫారడ్లని రాసి ఉన్నదాన్ని తేవద్దు. 20 శాతం తేడా మామూలే కాబట్టి అది 17.6 ఉండొచ్చు. 100 మైక్రోఫారడ్లు, 25 వోల్టులు, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్ తీసుకోండి. విలువ ఎంత పెంచినా ఈ ఐసీకి ఇబ్బంది లేదు. 100 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచే ఈఎస్‌ఆర్ మీటర్ ఉంటే 0.2 నుంచి 0.5 ఓమ్ వచ్చేదాన్ని ఏరుకోండి. 85 డిగ్రీల రకం మన ఎండలకు వద్దు. అనంతపురంలో మే నెలలో చేనిగట్టున ఇనుప పెట్టెలో బోర్డు ఎంత కాగుతుందో తెలిసిందే. లోపలి ద్రవం ఎండేకొద్దీ మైక్రోఫారడ్లు తగ్గి, ఈఎస్‌ఆర్ పెరిగి, ఒకనాటికి 1 ఓమ్ దాటుతుంది. శీతాకాలంలో బాగా నడిచిన పెట్టె రెండు మూడు వేసవుల తర్వాత మొరాయిస్తే మొదటి అనుమానం దీని మీదే.

సెరామిక్ మంచిదని 226 (22 మైక్రోఫారడ్ల) చిప్ కండెన్సర్ ఒక్కటే వేస్తే ఇక్కడ పప్పులో కాలేసినట్టే. దాని ఈఎస్‌ఆర్ కొన్ని మిల్లీఓమ్‌లే. సెరామిక్కే వాడాలంటే 0.47 ఓమ్ రెసిస్టర్‌ను దానికి సిరీస్‌లో కలపండి. 5 వోల్టులు పడ్డాక చిన్న సెరామిక్‌ల విలువ బాగా పడిపోతుంది, కాబట్టి 47 మైక్రోఫారడ్లు, 16 వోల్టులది, ఎక్స్7ఆర్ లేదా ఎక్స్5ఆర్ రకం చూడండి. వై5వీ వద్దే వద్దు. ఎలక్ట్రోలైటిక్ పక్కనే 10 మైక్రోఫారడ్ల సెరామిక్ సమాంతరంగా పెట్టినా ఆ ఈఎస్‌ఆర్ ప్రయోజనం పోతుంది. దూరంగా చిప్‌ల దగ్గరుండే 104లతో సాధారణంగా బాధ లేదు.

ఇన్‌పుట్‌కు 0.47 మైక్రోఫారడ్లు చాలు, ఐసీ కాళ్లకు ఆనుకుని. అవుట్‌పుట్ కండెన్సర్‌ను వైర్లతో దూరం లాగవద్దు.

వేశాక పరీక్ష: అవుట్‌పుట్‌కు 10 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్ తగిలించి తీయండి, అర ఆంపియర్ లోడ్. ఓసిల్లోస్కోప్‌ను ఏసీ కప్లింగ్‌లో పెట్టి చూస్తే ఒకటి రెండు ఊగులతో గీత సర్దుకోవాలి. ఆగకుండా ఊగుతుంటే కండెన్సర్ మార్చాల్సిందే.

ఒక లోపం ఉంది. బ్యాటరీ దిగిపోయి డ్రాపౌట్‌లోకి, అంటే 5 వోల్టులు నిలబెట్టలేని స్థితికి, వెళ్లాక ఈ ఐసీ తనకోసం తాగే కరెంటు పెరుగుతుంది, అంటే బ్యాటరీ ఖాళీ అయ్యేవేళకే ఇంకా లాగుతుంది. ఇన్‌పుట్ 12 వోల్టులైతే ఇది కొనడం దండగ, 7805తోనే ఉండండి.