17 అంగుళాల సెట్ మానిటర్: లూప్ అవుట్ గురించి కాస్త ఆగి చెబుతున్నా

తెర సైజు, నిట్స్, రెజల్యూషన్ డబ్బా మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. ఈ మానిటర్‌ని నేను ఇన్నాళ్ళూ అమ్మకుండా ఉంచుకోవడానికి కారణం వెనకాల ఉన్న ఒక్క సాకెట్: ఎస్‌డీఐ (షూటింగుల్లో వాడే వీడియో కనెక్షన్) లూప్ అవుట్, అంటే లోపలికొచ్చిన బొమ్మని ఇంకో మానిటర్‌కి దాటించేది. కెమెరా నుంచి ఒక బీఎన్‌సీ కేబుల్ డైరెక్టర్ మానిటర్‌కి, అక్కడి లూప్ అవుట్ నుంచి ఇంకోటి క్లయింట్ మానిటర్‌కి. అంతే, పని అయిపోయినట్టే. అంతకుముందు హెచ్‌డీఎంఐ స్ప్లిటర్లతో పడ్డ బాధ అంతా ఇంతా కాదు. ఎవరి కాలు తగిలినా కేబుల్ ఊడేది, బొమ్మ పోయేది. బీఎన్‌సీని తిప్పి లాక్ చేస్తే ఆ టెన్షన్ ఉండదు. మంచి 75 ఓమ్‌ల కేబుల్ అయితే, ఏసీ కోసం పక్క గదిలో కూర్చున్న ఏజెన్సీ వాళ్ళ దాకా కూడా సిగ్నల్ నిక్షేపంగా వెళ్తుంది. కొన్న కొత్తలో కృష్ణానగర్‌లో ఎదురుపడ్డ ప్రతివాడికీ దీన్నే కొనమని చెప్పాను.

తర్వాత ఆవకాయ యాడ్ ఒకటి వచ్చింది.

ముక్కల మీద నూనె ధార పడే షాట్. ఫుడ్ స్టయిలిస్ట్ పొద్దుటి నుంచీ ఆ జాడీతోనే ఉన్నారు. డైరెక్టర్ మానిటర్ కరెంటు మీద, క్లయింట్‌ది వీ-మౌంట్ బ్యాటరీ మీద నడుస్తున్నాయి. కెమెరా రోల్ అయింది, ధార మొదలైంది, సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి "ఏమీ కనిపించట్లేదండీ!" అని కేక. పరుగెత్తాను. బ్యాటరీ నిండుగా ఉంది, మానిటర్ వెలుగుతోంది, తెర మీద మాత్రం నో సిగ్నల్. కేబుల్ పట్టుకుని వెనక్కి వస్తే డైరెక్టర్ మానిటర్ నల్లగా పడి ఉంది. ఆయన జాడీ పక్కనే నిలబడి ధార చూస్తున్నారు కాబట్టి అది ఆరిపోయిన సంగతి ఎవరికీ తెలీదు. టీ కెటిల్ పెట్టడానికి ప్రొడక్షన్ కుర్రాడు దాని ప్లగ్ పీకేశాడు.

ఇందులో లూప్ అవుట్ అంటే ఒట్టి తీగ కాదు. లోపలికొచ్చిన సిగ్నల్‌ని ఒక సర్క్యూట్ అందుకుని మళ్ళీ బయటికి పంపుతుంది. మొదటి మానిటర్‌కి పవర్ పోతే ఆ వెనకున్నవన్నీ చీకటే, వాటి బ్యాటరీలు ఎంత నిండుగా ఉన్నా సరే. మాన్యువల్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు. నా కోపమంతా అక్కడే.

టేక్ బ్రహ్మాండంగా వచ్చింది. ప్లేబ్యాక్ వేసి చూపించాం. "లైవ్‌లో చూడలేదు కదండీ, ఇంకొక్కటి తీసేద్దాం" అన్నారు క్లయింట్. రెండో జాడీ సిద్ధమయ్యేసరికి లంచ్ టైమ్ దాటిపోయింది. మేనేజర్ నా దగ్గరికొచ్చి "ఏంటన్నా, బ్యాటరీ ఉందన్నావుగా?" అన్నాడు. ఉంది, నిజమే.

లట్ (కెమెరా ఇచ్చే వెలిసిన బొమ్మకి రంగులు దిద్దే ఫైలు) సంగతీ ఇలాంటిదే. ఈ మానిటర్‌లో లట్ వేస్తే ఈ తెర మీదే కనిపిస్తుంది, లూప్‌లోంచి రంగు దిద్దని లాగ్ సిగ్నలే వెళ్తుంది. డైరెక్టర్ ముందు ఎర్రగా నిగనిగలాడే ఆవకాయ క్లయింట్ ముందు బూడిద చల్లినట్టు ఉంటుంది. రెండో మానిటర్‌లోనూ అదే లట్ ఎక్కించాలి, లేదా కెమెరా నుంచే రెక్ 709 (మామూలు టీవీ రంగుల బొమ్మ) పంపాలి. నాకు రెండోదే తేలిక, కాకపోతే అందరు కెమెరామెన్ ఒప్పుకోరు.

ఇప్పుడు కెమెరాకి రెండు ఎస్‌డీఐ అవుట్‌లు ఉంటే రెండోది నేరుగా క్లయింట్‌కే ఇస్తున్నా. ఒకటే ఉంటే మధ్యలో సిగ్నల్‌ని పలు తెరలకి పంచే డిస్ట్రిబ్యూషన్ బాక్స్, దానికి సొంత బ్యాటరీ. లూప్ అవుట్ మేకప్, కాస్ట్యూమ్ వాళ్ళకి వదిలేశాను. వాళ్ళ బొమ్మ ఒక నిమిషం పోయినా కొంపలేం మునగవు.

నా పని ఎక్కువగా స్టూడియో ఫ్లోర్లలో, కదలని కెమెరాతో, రెండు మూడు తెరలతో. మీదీ అలాంటి పనే అయితే, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తీసుకోవచ్చు. గింబల్ పట్టుకుని పరుగులు పెట్టే షూట్లకి కేబులే పనికిరాదు, వైర్‌లెస్ చూసుకోండి. ఏది కొన్నా డైరెక్టర్ మానిటర్‌కి కూడా బ్యాటరీ ప్లేటు తప్పదు, ధర లెక్కేసేటప్పుడే దాన్నీ రెండు బ్యాటరీలనీ కలుపుకోండి.