పెద్దమ్మ కోసం చూసొచ్చిన చోట్లు: దేవనహళ్లి, పుట్టపర్తి, కడప, కర్నూలు

మా పెద్దమ్మకు 78 ఏళ్లు. అనంతపురం సాయినగర్‌లో సొంత ఇంట్లో ఒక్కతే ఉంటుంది. గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. పెన్షన్ వస్తుంది. పిల్లలు లేరు, పెదనాన్న పోయి చాలా కాలమైంది. పోయినేడాది రాత్రిపూట బాత్రూమ్‌లో జారిపడి మణికట్టు విరిగింది. తెల్లారి పాలాయన వచ్చి తలుపు కొట్టేదాకా లేచి కూర్చోలేకపోయింది. నేనుండేది బెంగళూరు యలహంకలో, మా చిన్నమ్మ కూతురు, నేను అక్క అని పిలిచేది, ఉండేది కర్నూల్లో. ఇద్దరం మా ఇళ్లకు రమ్మని అడిగాం. "మీ ఇండ్లల్లో నాకు గది ఉంటాది గానీ పని ఉండదు పాపా" అని రానంది. రిటైరైనవాళ్లు ఉండే కమ్యూనిటీలు చూద్దామని అడిగింది కూడా తనే. అక్క సెలవు పెట్టింది, నేనూ పెట్టాను, ముగ్గురం కారులో తిరిగి చూశాం. ఆ సంస్థల పేర్లు రాయడం లేదు. ఇలాంటి చోట్ల మేనేజర్ మారితే అన్నీ మారిపోతాయి. పేరు కన్నా ఏం చూడాలో, ఏం అడగాలో తెలిస్తేనే ఎక్కువ ఉపయోగం.

మొదట దేవనహళ్లి వైపు. నాకు దగ్గర కాబట్టి నా మనసంతా అక్కడే ఉండింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటాక వస్తుంది. పెద్ద గేటు, లోపల చెట్లు, నడవడానికి చదునైన బాట. గెస్ట్ రూమ్‌కు డబ్బు కట్టి అక్కడే ఉండి చూశాం. ఎవరైనా సరే ఈ పని తప్పకుండా చేయాలి. పగలు వచ్చి గంటసేపు తిరిగి పోయేవాళ్లకు క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, గ్రంథాలయం చూపిస్తారు. రాత్రి ఎట్లుంటుందో అక్కడ పడుకుంటేనే తెలుస్తుంది.

కట్టడం విషయంలో వంక పెట్టడానికి లేదు. అక్క కొలత టేపు తెచ్చింది. బాత్రూమ్ తలుపుతో సహా అన్ని తలుపులూ మూడడుగుల వెడల్పు ఉన్నాయి, వీల్‌చైర్ ఆనకుండా పోతుంది. ర్యాంపు వాలు కూడా కొలిచాం. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని లెక్క. అది సరిగ్గా ఉంది. కమోడ్ పక్కన, షవర్ దగ్గర పట్టుకునే కడ్డీలు, నేలకు జారని టైల్స్, లిఫ్ట్‌లో స్ట్రెచర్ పట్టేంత చోటు. బాత్రూమ్‌లో లాగే తాడు ఒకటి వేలాడుతుంది, కిందపడినా చేతికి అందేలా నేలదాకా ఉంది. రాత్రి పదకొండు దాటాక పెద్దమ్మ దాన్ని లాగి చూసింది. కాసేపట్లోనే నర్సు పరుగున వచ్చింది. "పరీక్ష పెట్టినాను తల్లీ, ఏమనుకోవద్దు" అంటే ఆ పిల్ల నవ్వి, బీపీ చూసి మరీ పోయింది. నాకైతే ఆ క్షణంలోనే డబ్బు కట్టేయాలనిపించింది.

తరవాత కాగితాలు చదవడం మొదలుపెట్టాం. ఫ్లాట్ కొనడం ఒక పద్ధతి, డిపాజిట్ కట్టి లీజుకు ఉండడం ఇంకో పద్ధతి. కొనాలంటే ఒక బెడ్రూమ్‌కే 60 లక్షల పైమాట. 55 ఏళ్లు నిండినవాళ్లే అందులో ఉండాలి. వారసులకు హక్కు వస్తుంది గానీ ఆ వయసు రాకపోతే ఉండడానికి లేదు. అమ్మాలన్నా ఆ వయసువాళ్లకే అమ్మాలి, సంస్థకు బదిలీ ఫీజు కట్టాలి. లీజు డిపాజిట్ తిరిగిస్తారు గానీ, ఆ ఫ్లాట్‌లోకి మరొకరు చేరాకే ఇస్తామని పత్రంలో ఉంది. మరొకరు ఎప్పుడు చేరతారో ఎవరు చెప్పగలరు? భోజనం, శుభ్రం చేయడం, నిర్వహణ కలిపి నెలకు 35 వేలు పైన, ఏటా పెరుగుతుంది. ఎంత పెరగొచ్చనే దానికి హద్దు రాయలేదు. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌ల కోసం నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టే బిల్డరూ, సేవలు నడిపే సంస్థా, కొనేవాళ్లూ ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలని అందులో ఉంది. అవి నమూనా మాత్రమే, రాష్ట్రం అమలులోకి తెస్తేనే కట్టుబడాలి. అయినా ఆ మూడు పక్షాల ఒప్పందం అడగడంలో తప్పులేదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడిగితే మాత్రం వెంటనే చూపించారు, అది మంచి మాట.

అసలు ప్రశ్న పెద్దమ్మే అడిగింది. "నేను మంచాన పడితే నన్నేం చేస్తారు?" అక్కడి ఆఫీసరమ్మ చాలా మర్యాదగా చెప్పింది. వేరే బ్లాకుకు మారుస్తారు, దానికి విడిగా ఫీజు, అది దాదాపు రెట్టింపు. మతిమరుపు జబ్బు ముదిరితే ఇక్కడ ఉంచుకోలేం, వేరే కేర్ సెంటర్‌కు పంపాలి. ఒప్పందంలో కూడా 'సొంతంగా తన పనులు చేసుకోలేని స్థితి' వస్తే ఖాళీ చేయమనే హక్కు యాజమాన్యానికి ఉంది. అంటే ఏ రోజు కోసమని లక్షలు పోసి చేరతామో, ఆ రోజు వచ్చేసరికి అక్కడ ఉంటామన్న హామీ లేదు. చాలామంది ఈ పేజీ చదవకుండానే సంతకం పెడతారు. దయచేసి చదవండి.

భాష ఇబ్బంది కాలేదు. అనంతపురం మనిషికి కన్నడం కొత్త కాదు, పైగా తెలుగువాళ్లూ ఉన్నారు. తిండిలో కారం తక్కువ, అదీ సర్దుకోవచ్చు. పెద్దమ్మకు నచ్చనిది గేటు. బయట సర్వీస్ రోడ్డు, దాని మీద లారీలు. కూరగాయల అంగడి లేదు, గుడి లేదు, ఆటో లేదు. బయటికి పోవాలంటే ముందురోజే వ్యాన్ బుక్ చేసుకోవాలి. అనంతపురంలో పొద్దున్నే సంచీ పట్టుకుని తనే మార్కెట్‌కు పోతుంది, దారిలో పదిమందిని పలకరిస్తుంది. "ఈడ అన్నీ నా దగ్గరికే వస్తాయి, నేనే యాడికీ పోను" అంది. నా దగ్గర దానికి జవాబు లేదు.

పుట్టపర్తి సంగతి వేరు. అది సీనియర్ కమ్యూనిటీ కాదు గానీ, దేశం నలుమూలల నుంచి వచ్చిన వయసుమళ్లినవాళ్లు అక్కడ అద్దె ఫ్లాట్లలో స్థిరపడి ఉన్నారు. భజన, దర్శనం వేళలను బట్టి రోజు గడిచిపోతుంది. ఆశ్రమం క్యాంటీన్లలో భోజనం చాలా చవక, దక్షిణాది వంటకు ఒకటి, ఉత్తరాది వంటకు ఒకటి వేర్వేరుగా ఉన్నాయి. 1991 నుంచి నడుస్తున్న సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లతో సహా వైద్యం ఉచితం. రైల్వే స్టేషన్ ఉంది, అనంతపురం దగ్గరే. ఖర్చులో దీనికి సాటి లేదు. కానీ ఫ్లాట్ అంటే ఫ్లాటే. పనిమనిషిని మనమే వెతుక్కోవాలి, నీళ్ల మోటారు కాలిపోతే మనమే చూసుకోవాలి, రాత్రి పడిపోతే లాగడానికి తాడు లేదు. నవంబరు 23న బాబా పుట్టినరోజు వచ్చిందంటే ఊరంతా జనం, గదుల అద్దెలు కూడా పెరుగుతాయి. భక్తి ఉన్నవాళ్లకు, జంటగా ఉండేవాళ్లకు, ఇంకా కాళ్లాడుతున్నవాళ్లకు నేను ధైర్యంగా చెప్తాను, పోండి అని. మా పెద్దమ్మకు కాళ్లయితే ఆడతాయి గానీ, మిగతా రెండూ లేవు.

కడపకు పోయింది మంచాన పడ్డవాళ్లను ఎట్లా చూస్తారో తెలుసుకోవడానికే. ఊరి మధ్యలో అద్దెకు తీసుకున్న మూడంతస్తుల ఇంట్లో నడుపుతున్న కేర్ హోమ్ అది. లిఫ్ట్ లేదు. పై అంతస్తులో ఉన్నవాళ్లు కిందికి దిగి ఎన్నాళ్లయిందో. మే నెల కడప ఎండ సంగతి అందరికీ తెలిసిందే. ఆ గదిలో ఆరు మంచాలకు రెండు కూలర్లు. ఒక ముసలాయనకు నడుము కింద పుండ్లు పడ్డాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టేవాళ్లు చాలక పడ్డ పుండ్లు అవి. రెండు గంటలకొకసారి ఒత్తిగిలేలా తిప్పాలని నర్సింగ్ చదివిన ఎవరైనా చెప్తారు. ఇద్దరు ఆయాలు పద్నాలుగు మందిని చూస్తుంటే అది ఎట్లా జరుగుతుంది? ఆ ఆయాలను తప్పుపట్టను, వాళ్లు చేతనైనంత ప్రేమగానే చూస్తున్నారు. నెలకు 20 వేలు తీసుకుంటున్న యాజమాన్యం మూడో మనిషిని పెట్టాలి. బయటికొచ్చాక పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అక్క మాత్రం ఒక మాట అంది, ఇక ఏ చోటు చూసినా మొదట అడగాల్సింది ఎంతమందికి ఎంతమంది ఆయాలని, అదీ రాత్రి డ్యూటీలో. అప్పటి నుంచి అదే అడుగుతున్నాం.

చివరగా కర్నూలు. ఓర్వకల్లు వైపు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపల, ఒక ట్రస్టు నడిపే చిన్న చోటు. నలభై లోపు గదులు, అన్నీ కింది అంతస్తులోనే. పక్కనే ఊరు, ఊళ్లో ఆంజనేయస్వామి గుడి, బడి, కిరాణా అంగడి, అన్నీ నడిచిపోయే దూరంలో. గేటు పగలంతా తీసే ఉంటుంది. రిజిస్టర్‌లో పేరు రాసి ఎవరి దారిన వాళ్లు పోయొస్తారు. పొద్దున ఉగ్గాని, బజ్జీ పెట్టారు. రాత్రికి జొన్నరొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల పొడి. షుగర్ ఉన్నవాళ్లకు వేరేగా వండుతారు. భోజనాల దగ్గర ఒకరి మందుల డబ్బా ఇంకొకరు గుర్తుచేయడం చూశాను. దేవనహళ్లిలో ఆ పని యాప్ చేస్తుంది. అది తక్కువని కాదు, యాప్ మరిచిపోదు. కానీ మనిషి గుర్తుచేస్తే రెండు మాటలు కూడా నడుస్తాయి.

లోపాలు తక్కువేం లేవు. బాత్రూమ్ టైల్స్ నున్నగా ఉన్నాయి, కడ్డీలు లేవు. భోజనాల హాలుకు మూడు మెట్లు, పక్కన ర్యాంపు ఉంది గానీ మరీ నిటారు, వీల్‌చైర్ తోసేవాళ్లకు కష్టం. నర్సు సాయంత్రం ఆరుకు ఇంటికి పోతుంది. రాత్రికి ఒక ఆయా, ఒక వాచ్‌మన్. డాక్టరు వారానికొకసారి వస్తాడు. కర్నూలు పెద్దాసుపత్రి హైవే మీద అరగంట దూరం. అరగంట ఎక్కువేం కాదు. పక్షవాతం వచ్చినప్పుడు రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, అంతకు ముందు సీటీ స్కాన్ తీయాలి. తుంటి ఎముక విరిగితే రెండు రోజుల్లోపు ఆపరేషన్ చేస్తే మంచిదంటారు. కాబట్టి దూరం కన్నా, రాత్రి రెండు గంటలప్పుడు మాట పడిపోయిందని గుర్తుపట్టి 108కి ఫోన్ చేసే మనిషి ఉందా లేదా అన్నది ముఖ్యం. నిద్రపోతున్న వాచ్‌మన్‌తో ఆ పని కాదు.

కర్నూలు చుట్టుపక్కల స్థలం చూసేటప్పుడు ఇంకో మాట కూడా అడగాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగినప్పుడు ఊరు ఎంత మునిగిందో అక్క కళ్లారా చూసింది. నీళ్లు ఎంతవరకు వచ్చాయని పాతకాలపు మనిషిని అడిగితే చేయెత్తి చూపిస్తారు. ఈ చోటు మెరక మీద ఉంది, ఆ భయం లేదు.

డబ్బు సంగతి సులువు. రెండు లక్షల డిపాజిట్, నెలకు 18 వేలు. ఒప్పందం తెలుగులో ఒకే పేజీ. ఒకే పేజీ అనగానే నాకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే రాయనివి చాలా ఉన్నాయి. మేనేజర్‌తో కూర్చుని నాలుగు విషయాలు చేర్చమని అడిగాం. డిపాజిట్ ఖాళీ చేసిన నెలలోపు తిరిగివ్వాలి, మంచాన పడితే ఎవరిని పెట్టి ఎంత తీసుకుంటారు, ఫీజు ఏడాదికి ఎంతకు మించి పెంచరు, రాత్రి నర్సు ఎప్పటికల్లా వస్తుంది. మొదటి మూడూ రాసిచ్చారు. మంచాన పడినవాళ్లకు ఆయా జీతం మనమే ఇచ్చుకోవాలి, గది మాత్రం ఖాళీ చేయక్కర్లేదు. కడ్డీలు, జారని చాపలు మేమే వేయించుకుంటామంటే ఒప్పుకున్నారు. రాత్రి నర్సు సంగతి ట్రస్టు మీటింగ్‌లో పెడతామన్నారు. పెన్షనర్లు అయితే ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో కూడా ముందే కనుక్కోండి. రాష్ట్రం దాటి పోయేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం.

మేం కాగితాలు చూస్తుంటే పెద్దమ్మ ఊళ్లోకి పోయి బడి హెడ్మాస్టర్‌తో మాట్లాడి వచ్చింది. పదో తరగతి పిల్లలు లెక్కల్లో వెనకబడి ఉన్నారట, సాయంత్రాలు చెప్పేవాళ్లు లేరట. బయటి పిల్లలను హాల్లోకి రానివ్వడం గురించి మేనేజర్ కాస్త నసిగాడు. "ఐదు నుంచి ఆరు వరకే సార్, అల్లరి జరిగితే నాది బాధ్యత" అని పెద్దమ్మ గట్టిగా నిలబడింది. ఆయన సరేనన్నాడు.

ఈలోగా బంధువుల్లో ఒకరు వేరే సలహా ఇచ్చారు: ఇల్లు మా అబ్బాయి పేర రాసివ్వు, మేమే చూసుకుంటాం అని. అలా రాయాలనుకునేవాళ్లకు నాకు తెలిసింది చెప్తాను. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో 23వ సెక్షన్ ప్రకారం, బాగోగులు చూడాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూడకపోతే, ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయొచ్చు. షరతు గిఫ్ట్ డీడ్‌లో స్పష్టంగా రాయించాలి, నోటిమాట మీద వదిలేస్తే తరవాత నిరూపించడం కష్టం. ఎవరైనా పెద్దవాళ్లను వేధిస్తుంటే 14567కి ఫోన్ చేయొచ్చు, అది వృద్ధుల కోసం పెట్టిన ఉచిత నంబరు. పెద్దమ్మ అయితే ఇల్లు ఎవరికీ రాయనని తేల్చి చెప్పింది.

నేను యలహంక నుంచి అరగంటలో చేరుకునే చోటు వదిలేసి కర్నూలుకు ఓటు వేశాను. అక్క ఊరు కాబట్టి ఏ అర్ధరాత్రైనా తను కారులో పోగలదు, అది పెద్ద బలం. అక్క కర్నూల్లో లేకపోయి ఉంటే రాత్రి నర్సు లేని చోటుకు నేను ఒప్పుకునేదాన్ని కాదు. దగ్గర్లో మనవాళ్లు ఎవరూ లేనివాళ్లు, గుండె జబ్బో మూర్ఛో ఉన్నవాళ్లు, డబ్బు వెసులుబాటు ఉంటే దేవనహళ్లి లాంటి చోటే మేలని ఇప్పటికీ అంటాను. కాకపోతే కొనకుండా లీజుకు వెళ్లండి.

బడులు తెరిచాక, జూలై నుంచి మూడు నెలలకు గది మాట్లాడాం. అనంతపురం ఇల్లు అమ్మడం లేదు, అద్దెకూ ఇవ్వడం లేదు. మూడు నెలల్లోపు రాత్రి నర్సు రాకపోతే సాయినగర్‌కే తిరిగొచ్చి, ఇంట్లోనే బాత్రూమ్ మార్పించి, రాత్రికి తోడు మనిషిని పెట్టుకుంటానని పెద్దమ్మ షరతు పెట్టింది. మేస్త్రీతో అంచనా కూడా వేయించి పెట్టుకున్నాం.