పాత్రకు గతం, గొంతు: అమలాపురంలో రెండు రోజుల కథారచన శిబిరం

వాస్తవిక కథల్లో పాత్రకు గతాన్నీ గొంతునూ ఎలా సమకూర్చుకోవాలో నేర్పుతామని ఒక సంస్థ ప్రకటిస్తే, పదిహేను వందల రూపాయలు కట్టి అమలాపురంలో రెండు రోజులు కూర్చుని వచ్చాను. అందులో మొదటి రోజు దాదాపు వృథా.

ఆ రోజు అరవై ప్రశ్నల పత్రం చేతిలో పెట్టి, పాత్రకు ఇష్టమైన రంగు మొదలుకొని రాశి వరకు పూరించమన్నారు. నా పాత్ర కొబ్బరి దింపు కార్మికుడు. అతనిది మీనరాశి అని రాసిన తరువాత కూడా అతను చెట్టెక్కలేదు, నోరు విప్పలేదు. ఎవరికి ఎంత బాకీ ఉన్నాడన్న ప్రశ్న ఆ అరవైలో లేదు.

రెండో రోజు వచ్చిన బోధకురాలు ఆ పత్రాలను పక్కన పెట్టించి, పాత్ర పుట్టిన ఏడాది రాసి, దాని కింద ఊరు చూసిన సంగతులను వరుసగా రాయమన్నారు. నావాడు 1978లో పుట్టాడు. 1986 ఆగస్టు వరదకు ఎనిమిదేళ్లవాడు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ తోటలను కూల్చేనాటికి పద్దెనిమిదేళ్లవాడు. నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కనుక, తండ్రి వెంట తిరిగి చెట్టెక్కడం నేర్చిన కుర్రవాడికి, తీరా పని చేతికందే వేళకు ఎక్కడానికి చెట్లు కరువయ్యాయి. ఆ ఆరేడేళ్లు ఎక్కడ కూలి చేశాడు, ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు అని ఆలోచిస్తుంటే నాకు కావలసిన గతమంతా అక్కడే దొరికింది.

గొంతు విషయంలో మొదటి రోజు చెప్పినది మరీ అన్యాయం. వాక్యానికి ముందు 'ఆయ్', చివర 'అండి' తగిలిస్తే గోదావరి యాస అయిపోతుందట. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకే ఆ మాట చెప్పడం విశేషం. రెండో రోజు ఒకే సంగతిని పాత్ర చేత ముగ్గురు వేర్వేరు మనుషులకు చెప్పించమన్నారు. నావాడు రైతుతో "ఆ చెట్టొద్దండి బాబూ, మొవ్వు వాలిపోయిందండి" అన్నాడు; మొవ్వంటే చెట్టు తలలోని లేత చిగురు. బావమరిదితో "ఎక్కకురా, మొవ్వు పోయింది" అన్నాడు. భార్య దగ్గర మాత్రం చెట్టు ఊసే ఎత్తకుండా "ఇవాళ పని తక్కువేనే" అని కంచం ముందు కూర్చున్నాడు. అతని భయం ఎంతటిదో ఆ మూడో మాటతోనే నాకు తెలిసింది.

భోజనం బాగుంది, పనసపొట్టు కూర మరీను. అయితే మేమిచ్చిన మూడేసి పేజీలపై వారంలో రాతపూర్వకంగా అభిప్రాయం పంపుతామని చెప్పి, నెల దాటాక రెండే వాక్యాలు పంపారు; అవి నా పక్కన కూర్చున్నవారికి పంపినవే. మళ్లీ శిబిరం పెడితే, రుసుము కట్టే ముందు ఆ రెండో రోజు బోధకురాలు వస్తున్నారో లేదో అడిగి తెలుసుకోండి.