సెల్ సేవర్: చెన్నైలో పెద్ద ఆపరేషన్‌కి ముందు చూసుకోవాల్సినవి

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి గుండె, వెన్నెముక ఆపరేషన్లకి చెన్నై వెళ్లేవాళ్ల ఎస్టిమేట్‌లో ‘సెల్ సేవర్’ అని ఒక్కోసారి ఒక లైన్ ఉంటుంది. కారిన రక్తాన్ని పీల్చి, కడిగి, ఎర్రకణాల్ని తిరిగి ఎక్కించే మెషీన్ అది. రక్తం బాగా పోయే కేసుల్లో పెట్టిన డబ్బుకి గిట్టుబాటే. చిన్నవాటికి దండగ.

పనితనమంతా సక్షన్ (రక్తాన్ని పీల్చే గొట్టం) దగ్గరే ఉంది. లీటరు సెలైన్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు హెపారిన్ 30,000 యూనిట్లు కలిపి, ఆ గొట్టంలోకి చుక్కలుగా వదలాలి. చుక్కలు తగ్గాయా, పీల్చిన రక్తం చేరే డబ్బా (రిజర్వాయర్)లో గడ్డలే. వాక్యూమ్ (పీల్చే ఒత్తిడి) 150 మి.మీ. పాదరసం దాటిస్తే కణాలు పగిలి, కడిగిన నీళ్లు ఎంతకీ తేటపడవు. గాలితో కలిపి పైపైన పీల్చినా అంతే, ఒట్టి నురగ. రక్తాన్ని తిప్పి కడిగే 225 ఎం.ఎల్. గిన్నె (బౌల్)కి కనీసం లీటరు సెలైన్‌తో కడగాలి, ఎముకల కేసుల్లో లీటరున్నర. బెటడిన్ పోసినా, బోన్ సిమెంట్ (ఎముకల్లో వాడే అతుకు పదార్థం) పెట్టినా, అవి మెషీన్‌లోకి పోకుండా మామూలు సక్షన్‌కి మారాలి.

ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కడుగుడులోనే పోతాయి. అందుకే బ్లడ్ బ్యాంక్‌లో రక్తం రిజర్వ్ చేయించడం మానొద్దు. సిద్ధమైన బ్యాగ్ 4 గంటల్లో ఎక్కించెయ్యాలి. త్వరగా ఎక్కాలని బ్యాగ్‌కి ప్రెషర్ కఫ్ (బ్యాగ్‌ని నొక్కే పట్టీ) బిగిస్తే నరంలోకి గాలి పోవచ్చు.

ముందు రిజర్వాయర్ మాత్రమే తెరిచి, రక్తం చాలినంత చేరాకే బౌల్ కిట్ విప్పే టీమ్ అయితే మేలు. రెండింటికీ బిల్లు విడివిడిగా వేస్తారేమో ముందే అడగండి.