పాత టకోమాతో ట్రైలర్ లాగడం: పదకొండేళ్ల అనుభవం

నాది 2003 మోడల్ టయోటా టకోమా పికప్ ట్రక్కు. 3.4 లీటర్ల వీ6, ఆటోమేటిక్. డాలస్ వచ్చిన కొత్తలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నెలకి రెండుసార్లైనా వెనక ట్రైలర్ తగిలిస్తాను. పెరటి తోటకి మట్టి, ఎరువు. ఎవరైనా ఇల్లు మారితే సామాను. ఉగాదికి, బతుకమ్మకి బల్లలు, కుర్చీలు.

మాన్యువల్ ప్రకారం ఇది 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,270 కిలోలు లాగుతుంది. నేను 3,000 దాటను. లాగే దమ్ము ఇంజన్‌కి ఇప్పటికీ ఉంది. చిక్కంతా ఆపడంలోనే. బండి తేలిక, వెనక డ్రమ్ బ్రేకులు, పైగా ఇరవై ఏళ్లు దాటిన ఒళ్లు. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటితేనే ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. అయినా నా చిన్న ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులు పెట్టించాను. ఈ బండి మీద పెట్టిన ఖర్చుల్లో నేను మొదట చెప్పేది అదే.

పెట్టించడానికి కారణం ఉంది. మూడో ఏడాది ఐ-35 హైవే మీద, వేకో ఊరు దాటాక చిన్న దిగుడు. ముందు రోజు రాత్రి హడావిడిగా బల్లలన్నీ ట్రైలర్ వెనక భాగంలో పేర్చేశాను. అద్దంలో చూస్తే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది. రెండు క్షణాల్లో బండి వెనక భాగాన్ని కూడా ఊపడం మొదలుపెట్టింది. పక్క సీట్లో మా ఆవిడ పైన హ్యాండిల్ పట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఆ టెన్షన్‌లో కాలు బ్రేక్ మీదకే పోతుంది. తొక్కకూడదు. బండి నెమ్మదిస్తుంది, ట్రైలర్ వెనక నుంచి తోసుకొస్తుంది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఉన్నాను. వేగం తగ్గాక ఊగడం ఆగింది. ఇప్పుడైతే బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకుల్ని డ్రైవర్ సీటు దగ్గర నుంచి నడిపే పరికరం) మీటని చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయొచ్చు.

ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే బండి వెనక ట్రైలర్ తగిలించే చోట పడాలి. ఆ రోజు అది దాదాపు లేనట్టే. అప్పటి నుంచి బాత్రూమ్‌లో బరువు చూసుకునే మెషీన్ గ్యారేజీకి వచ్చేసింది. దాని మీద చెక్క దిమ్మె పెట్టి, ట్రైలర్ ముందు భాగం హిచ్ ఎత్తుకి సమంగా ఉండేలా దింపుతాను. లోడుతో కలిపి ట్రైలర్ 2,000 పౌండ్లు ఉంటే 200కీ 300కీ మధ్య చూపించాలి. తక్కువ చూపిస్తే సామాను ముందుకి జరపడమే.

తగిలించాక జాకీతో ట్రైలర్ ముందు భాగాన్ని కొంచెం పైకి లేపి చూస్తాను. బండి వెనక భాగం కూడా దాంతో పాటు లేస్తే కప్లర్ (ట్రైలర్ ముందు కొసన ఉండే పట్టు) హిచ్ మీది బాల్‌ని, అంటే ఇనప గుండుని సరిగ్గా పట్టినట్టు. సేఫ్టీ చెయిన్లు కింద అడ్డంగా దాటించి తగిలిస్తాను. కప్లర్ ఊడినా ముందు భాగం రోడ్డుకి గుద్దుకోకుండా వాటి మీద నిలుస్తుంది.

వేసవిలో ఓవర్‌డ్రైవ్ (హైవే వేగానికి వాడే అన్నిటికంటే పై గేరు) ఆఫ్ చేసే నడుపుతాను. గేర్లు ఊరికే మారుతూ ఉంటే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వేడెక్కిపోతుంది. విడిగా కూలర్ బిగించాను, ఆయిల్ 30,000 మైళ్లకి మారుస్తాను. ఆగిన ప్రతిచోటా ట్రైలర్ చక్రాల హబ్ (చక్రం మధ్య భాగం) దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. ఒకటి కాలుతూ రెండోది గోరువెచ్చగా ఉంటే బేరింగ్ సంగతి చూడాలి. ట్రైలర్ టైర్లకి అరుగుదల కంటే వయసు ముఖ్యం. పక్కన 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం.

వచ్చే నెల ఒక మిత్రుడి సామాను ఆస్టిన్‌కి చేర్చాలి. ట్రైలర్‌తో కలిపి లెక్క వేస్తే 3,400 పౌండ్లు వచ్చింది. రెండు ట్రిప్పులు వేస్తానని చెప్పాను.